అద్దె కారులో ఒకనాటి తీరయాత్ర

సంక్రాంతి వెళ్ళి శివరాత్రి వచ్చులోపల మన ఉత్తరాంధ్ర తీరమున ఎండ తీక్ష్ణముగా నుండదు. తుపానుల కాలము దాటిపోయి యుండును. ఇంటిల్లిపాదికి తీరిక గల ఒక ఆదివారము కలిసివచ్చుట కూడ తరచు ఆ దినములలోనే. అప్పుడు ఎవరో ఒకరు, “ఒక కారు అద్దెకు మాట్లాడుకొని సముద్రపుటొడ్డు వెంబడి పోయి సాయంకాలమునకు తిరిగివత్తమా?” అందురు. అందరును సరేయందురు. వెంటనే కారు మాట్లాడుదురు. ఏర్పాటు అంతటితో ముగిసినదని తలంతురు. మేమును అట్లే తలచి ఒకసారి పోయి చెడితిమి. మరుసటి యేట అదే బాటను మరల పోయి సుఖముగా వచ్చితిమి. ఆ రెండు ప్రయాణములకును నడుమ మేము నేర్చుకొన్నది నేడు శ్రోతలకు మనవి చేయుదుము.

ముందుగా బాట సంగతి. విశాఖపట్నము నుండి భీమునిపట్నము వరకు సముద్రమును కుడిచేతి ప్రక్కన ఉంచుకొని పోవు రోడ్డు సుమారు 30 కిలోమీటర్లు. భీమిలి దాటి భోగాపురము చేరువ 16వ నంబరు జాతీయ రహదారి నందుకొని శ్రీకాకుళము చేరవచ్చును. అచ్చటినుండి శ్రీకూర్మము, గార మీదుగా పోయినచో వంశధార సముద్రమున కలియు తావున కళింగపట్నము. పోను రాను రమారమి 280 కిలోమీటర్లు. ఒక్క పగటిలో ముగియవలసిన ప్రయాణమునకు ఇది తగిన దూరమే. మించినది మాత్రము కాదు.

మొదటిసారి పోవునప్పుడు ఇంటిలో తలకొక కోరిక చొప్పున జాబితా వ్రాసితిమి. కుర్సురా జలాంతర్గామి, కైలాసగిరి, ఋషికొండ, తొట్లకొండ, బావికొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలో డచ్చివారి సమాధులు, పావురాళ్ళకొండ, శ్రీకూర్మము, శాలిహుండము, కళింగపట్నము: మొత్తము పదునొకండు. వీనిలో చివరిది మా తండ్రిగారి కోరిక. చిన్ననాట వేసవి సెలవులలో ఆయన కళింగపట్నమున మేనమామగారి యింట నుండెడివారు. ఎనుబదియవ యేట మరల ఒకసారి ఆ ఒడ్డు చూడవలెనని ఆయన మనస్సు. దూరమైనది గావున దానిని చివర వ్రాసితిమి.

జాబితా వ్రాయుటయే గాని కూడిక వేయలేదు. ఇప్పుడు వేసి చూడుడు. చోటికి అరగంట చొప్పున పదునొకండు చోట్లకు అయిదున్నర గంటలు. రోడ్డుమీద ఏడు గంటలు. రెండు భోజనములకును కాఫీలకును గంటన్నర. ఇక పిల్లలను పెద్దలను కారునుండి దింపి, చెప్పులు వెదకి, మరల అందరిని ఎక్కించి తలుపులు వేయుటకు చోటికి పావుగంట. అది రెండు గంటల నలుబది అయిదు నిమిషములు. మొత్తము 16 గంటల 45 నిమిషములు. జనవరిలో విశాఖ తీరమున పగలు పదునొకండు గంటలకు కొంచెము ఎక్కువ, అంతే. రేడియోలో పది నిమిషముల ప్రసంగమునకు పది నిమిషముల మాటలే వ్రాయుదుము; ఒక్క నిమిషము మించినను ఒప్పుకొనము. అట్టి వృత్తిలో నుండియు, పదునొకండు గంటల పగటికి పదునేడు గంటల పని వ్రాసితిమి!

ఫలితము ఊహింపదగినదే. ఉదయము ఏడు గంటలకు బయలుదేరి జలాంతర్గామి యొద్దకు పోగా తలుపులు తెరచియుండలేదు. వేళలు కనుక్కొనకుండ పోవుట మా తప్పు. ఋషికొండ యొద్ద పిల్లలు నీరు విడిచి రాలేదు. తొట్లకొండపై మేమే కదలలేదు. 1976లో నౌకాదళమువారు ఆకాశమునుండి సర్వే చేయునప్పుడు ఆ కొండపై బౌద్ధారామపు ఆనవాళ్ళు బయటపడినవి. రాతిలో తొలిచిన నీటి తొట్లను బట్టి కొండకు ఆ పేరు. వానిని చూచుచు అరగంట కాదు, గంట గడిపితిమి. భీమిలిలో భోజనమగుసరికి మూడు గంటలు. శ్రీకూర్మము చేరుసరికి ప్రొద్దు గ్రుంకినది. కళింగపట్నపు ఒడ్డున కారు నిలుచుసరికి ఏడున్నర. చిమ్మచీకటి. దీపస్తంభపు వెలుగు మాత్రము తిరుగుచున్నది. మా తండ్రిగారు కారు దిగి, తలుపు పట్టుకొని నిలుచుండి, “కనబడకపోతేనేమిరా, వినబడుతోంది గదా!” అనిరి. మమ్ము నొప్పింపకుండుటకు ఆయన పలికిన మాట అది. అందుచేతనే మాకు మరింత నొచ్చినది.

అంతటితో ముగియలేదు. తిరుగు ప్రయాణమున శ్రీకాకుళము దాటిన పిమ్మట కారు చక్రము రెండు సార్లు రోడ్డు అంచు దిగినది. మొదటిసారి గుంతయేమో అనుకొంటిమి. రెండవసారి డ్రైవరు ముఖము చూచి, ఒక టీ దుకాణము చెంత బండి ఆపించితిమి. అతడు తలవంచుకొని, “రేత్రి రాయగడ నుంచి వచ్చీసరికి మూడైపోనాది బాబూ. ఏటీ అనుకోకండి” అన్నాడు. మూడు గంటలకు ఇల్లు చేరినవాడు ఏడు గంటలకు మా గుమ్మములో నున్నాడు. కారు కడిగి తెచ్చుటకు పట్టిన వేళ తీసివేసినచో అతడు నిదురించినది ఎంత? ఆ దినమంతయు అతడు తిన్నాడా, పండుకొన్నాడా అని మాలో ఒక్కరమును అడుగలేదు. కారులో మా ఇంటివారు ఆరుగురము ఉంటిమి. ఆరు ప్రాణములును అతని కనురెప్పలపై నున్నవి. దుకాణమువాని బల్లపై అతనిని ఒక గంటసేపు నిదురింపజేసి, మెల్లగా నడిపించుకొని అర్ధరాత్రికి ఇల్లు చేరితిమి.

ఇది జరిగిన పిమ్మట ఆలోచించి మేము చేసికొన్న నియమములు ఇవి.

మొదటిది: ప్రయాణమునకు ఒక్క చోటు ప్రాణముగా నుండవలెను. అది ఏదియో ముందు తేల్చుకొని, దానిని కాగితమున పైన వ్రాయవలెను. అచ్చట ఎంతసేపు ఉండవలెనో నిర్ణయించి, అచ్చటినుండి వెనుకకు లెక్క కట్టినచో బయలుదేరవలసిన వేళ దానంతట అదే తేలును. మిగిలినవన్నియు దారిలో వీలైనవే. దూరమైన చోటికి ముందు పోవలెను; దగ్గరివానిని తిరుగుదారికి ఉంచుకొనవలెను. వేళ చాలక దగ్గరిది తప్పిపోయినను నష్టము లేదు, మరియొక ఆదివారమున పోవచ్చును. దూరమైనది తప్పిపోయినచో మరల ఎప్పటికో!

రెండవది సూర్యుని సంగతి. మనది తూర్పు తీరము. ప్రొద్దు సముద్రమున పొడిచి కొండల వెనుక గ్రుంకును. డిసెంబరు చివర విశాఖలో సూర్యోదయము ఆరు గంటల ఇరువది నిమిషములు దాటినపిమ్మట. అస్తమయము సుమారు అయిదున్నరకు. జూనులో అయితే అయిదున్నర లోపల ఉదయించి ఆరున్నర దాటినపిమ్మట అస్తమించును. ఇంతకంటె ముఖ్యమైనది ఒకటి కలదు. శ్రీకాకుళమునుండి విశాఖకు వచ్చు రహదారి నైరృతి దిక్కుగా సాగును. చలికాలపు సాయంకాలమున సూర్యుడు సరిగా ఆ వైపుననే దిగును. నాలుగు గంటల తరువాత ఆ రహదారిపై ఎదురెండ డ్రైవరు కన్నులలో పడుచుండును. రోడ్డు దాటు మనిషియు పశువును చివరి క్షణము వరకు కనబడరు. కనుక నాలుగు గంటలకు పెద్ద రహదారి విడిచి భీమిలి దారికి దిగునట్లు లెక్క కట్టుకొనవలెను. చేతిలోని ఫోనుపటము ఇన్ని గంటల దారి యని చెప్పును గాని, ఎదురెండ సంగతియు పిల్లలు దాహమని ఆపించు సంగతియు చెప్పదు.

ఋతువు సంగతి అందరెరిగినదే. అక్టోబరు నవంబరు మాసములలో ఈ తీరమునకు తుపానుల భయము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎట్లు ఊడ్చివేసినదో, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళపు కొబ్బరితోటలను ఎట్లు కూల్చినదో మరచినవారు లేరు. ఆ మాసములలో పోదలచినచో ముందునాటి రాత్రి వాతావరణ సూచన వినకుండ గుమ్మము దాటరాదు.

మూడవది కారు. అద్దె రెండు విధములు. మొదటిది ఊరిలోపలి లెక్క: ఇన్ని గంటలు, ఇన్ని కిలోమీటర్లు, ఉదాహరణకు 8 గంటలు, 80 కిలోమీటర్లు, దానిపై మించిన ప్రతి గంటకును ప్రతి కిలోమీటరుకును వేరుగా సొమ్ము. రెండవది పొరుగూరి లెక్క: మనము తిరిగినను తిరుగకున్నను దినమునకు ఇన్ని కిలోమీటర్లని కనిష్ఠముగా కట్టి తీసికొందురు. భీమిలి వరకే పోవువారికి మొదటిది చాలును. కళింగపట్నము పోవువారికి రెండవదే లాభము. లెక్క మన గుమ్మమునుండియా, వారి షెడ్డునుండియా? డ్రైవరు బత్తా ఎంత? టోలు రుసుము ఎవరిది? రాత్రి ఎన్ని గంటల తరువాత అదనపు రుసుము? ఈ నాలుగు ప్రశ్నలకును సమాధానములు ఫోనులో సందేశముగా వ్రాయించుకొనవలెను. పగలు నోటిమాటగా ఒప్పుకొన్నది రాత్రి అలసటలో ఇద్దరికిని వేరువేరుగా జ్ఞాపకము వచ్చును.

కారు వచ్చినపుడు నంబరు పలక చూడవలెను. పసుపు పలకపై నల్ల అక్షరములున్నచో అది డ్రైవరుతో వచ్చు టాక్సీ. నల్ల పలకపై పసుపు అక్షరములున్నచో మనమే నడుపుకొనుటకు అద్దెకిచ్చునది. తెల్ల పలకపై నల్ల అక్షరములున్నది సొంత వాహనము. దానిని అద్దెకు త్రిప్పుట చట్టసమ్మతము కాదు. నాలుగు రూకలు తక్కువకు వచ్చునని ఎక్కినచో, జరుగరానిది జరిగిననాడు ఇన్సూరెన్సువారితో చిక్కు తప్పదు. మనమే నడుపుకొనువారు కారు చుట్టును తిరిగి ఉన్న గీతలకును సొట్టలకును ఇచ్చువాని యెదుటనే ఫొటోలు తీసికొనవలెను; ఇంధనము ఎంత యున్నదో గుర్తించవలెను; స్టెప్నీ టైరులో గాలియున్నదా, జాకీ యున్నదా చూడవలెను. వెనుక కూర్చున్నవారికిని బెల్టు తప్పనిసరి యని నిబంధన యున్నది. వెనుక బెల్టులను సీటు క్రిందికి దోసివేసిన కారును తీసికొనరాదు.

నాలుగవది, మా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది, డ్రైవరు. 2025 వరకు అమలులో నుండిన 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము సామాన్యముగా దినమునకు 8 గంటల పనియే విధించినది. ఎడతెగక 5 గంటలు పనిచేయుటకు ముందే అరగంటకు తక్కువ గాని విశ్రాంతి ఈయవలెనని చెప్పినది. కొద్దిమంది పనివారున్న చిన్న సంస్థకు ఆ చట్టము వర్తించెడిది కాదు గాని, అలసట అందరికిని ఒక్కటే. కనుక కారు మాట్లాడునప్పుడే, “ముందునాటి రాత్రి ఇంట పండుకొన్న డ్రైవరునే పంపుడు” అని చెప్పవలెను. ముందునాటి సాయంకాలము ఆ డ్రైవరుతోనే మాట్లాడి, ఎప్పుడు వచ్చినాడో, ఎప్పుడు పండుకొనునో అడుగుట నామోషీ కాదు. మనము తినునప్పుడే అతడును తినవలెను. మధ్యాహ్న భోజనము తరువాత అరగంట అతడు నడుము వాల్చుటకు మన లెక్కలో చోటుండవలెను. ఇది దయాధర్మము చూపుట యని తలపరాదు. మన పిల్లలను ఇల్లు చేర్చు ఏర్పాటులో అదియు ఒక భాగము.

అయిదవది సముద్రము. మన తీరమున ప్రతి యేటను కొన్ని ఇండ్లు ఈ విషయము తెలియక దుఃఖమున మునుగుచున్నవి. ఒడ్డుకు వచ్చిన అలల నీరు తిరిగి పోవుటకు ఒక సన్నని దారి చేసికొని వడిగా లోనికి పారును. ఆ దారిలో అలలు విరుగవు, నురుగు ఉండదు. ఇరుప్రక్కల అలలు విరుగుచుండగా నడుమ నెమ్మదిగా నున్న చోటు చూచి, ఇదియే మంచి తావని దిగుదురు. మనిషిని లాగునది ఆ చోటే. దానిలో చిక్కినవాడు ఒడ్డువైపు ఎదురీది అలసిపోరాదు. ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈది ఆ ప్రవాహమునుండి తప్పుకొని, అటుపిమ్మట ఒడ్డుకు రావలెను; ఈదలేనివాడు తేలుచు చేయెత్తి పిలువవలెను. నదులు కలియు చోట్ల, గోస్తని యొద్ద గాని వంశధార యొద్ద గాని, స్నానమే వలదు. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రమువారు అలల యెత్తును గూర్చి ముందుగా హెచ్చరికలు ప్రకటింతురు; వానిని చూచుకొనవలెను. మా యింటి నియమము ఇది: పిల్లలకు మోకాటి లోతు, పెద్దలలో ఒకరు ఫోను సంచిలో పెట్టి, పిల్లలను చూచుట తప్ప వేరు పని పెట్టుకొనరాదు.

ఇక రెండవ ప్రయాణము. ఒక వారము ముందే కాగితము తీసి, “కళింగపట్నము: రెండు గంటలు” అని పైన వ్రాసితిమి. దాని క్రింద శ్రీకూర్మము, భీమిలి, ఎర్రమట్టి దిబ్బలు. తక్కిన ఏడింటిని కొట్టివేసితిమి. శాలిహుండము కొట్టివేయునప్పుడు చేయి ఆడలేదు. వంశధార దక్షిణపు టొడ్డున కొండపై నున్న ఆ బౌద్ధక్షేత్రమును 1919లో గుర్తించి లోకమునకు తెలిపినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషకై పోరాడిన వారే, కొండలెక్కి పురాతన శిథిలములను కూడ వెదకినారు. అయినను మెట్లెక్కి దిగి వచ్చుటకు గంటన్నర కావలెను. మా తండ్రిగారి మోకాళ్ళు ఒప్పవు. మరియొకసారి అనుకొంటిమి.

ఉదయము అయిదున్నరకు బయలుదేరితిమి. డ్రైవరు ముందునాడు తొమ్మిది గంటలకే పండుకొన్నవాడు. పెద్ద రహదారిపై భోగాపురము దాటుసరికి కుడివైపున తాటిచెట్ల వెనుక ప్రొద్దు పొడిచినది. ఎనిమిది గంటలకు శ్రీకాకుళమున ఫలహారము. తొమ్మిదింబావుకు శ్రీకూర్మము. కూర్మరూపమున విష్ణువు పూజలందుకొను ఆ అరుదైన గుడిలో స్వామి పడమటి ముఖముగా నుండుటయు, స్తంభములపై శాసనములుండుటయు పిల్లలకు చూపితిమి. పదిన్నరకు కళింగపట్నము.

మా తండ్రిగారికి మడత కుర్చీ తీసికొనిపోతిమి. ఆయన దానిలో కూర్చుండలేదు. చెప్పులు విడిచి, తడి యిసుకలో దీపస్తంభమువైపు కొంత దూరము నడచిరి. మేనమామగారి యిల్లు ఎచ్చట నుండెనో చేతితో చూపబోయి, దిక్కు తేలక, నవ్వి ఊరకుండిరి. మనుమరాలు ఏరి తెచ్చిన గవ్వలను జేబులో వేసికొనిరి. ఎవరమును గడియారము చూడలేదు. రెండు గంటల కొంచెము లోపుననే ఆయనయే మా వైపు తిరిగి, “ఇక పోదాం పదండి” అనిరి. ఆ మాట ఆయన నోటనే రావలెనని మేము కోరుకొంటిమి, వచ్చినది.

తిరుగుదారిలో శ్రీకాకుళమున డ్రైవరుతో కలిసి భోజనము చేసితిమి. అతడు అరగంట నిదురించెను. నాలుగు గంటలకు భీమిలి. డచ్చివారి సమాధులపై చెక్కిన అక్షరములను పిల్లలు కూడబలుకుకొని చదివిరి. అయిదు గంటలకు ముందే ఎర్రమట్టి దిబ్బలు చేరితిమి. వేలయేండ్లు గాలి మోసి పోసిన ఇసుక, అందులోని ఇనుము ఆక్సీకరణము చెందుటచే ఎఱ్ఱబారినది. వానలు దానిని లోయలుగా కోసినవి. ఇది 2014లో జాతీయ భూవైజ్ఞానిక వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినది; 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ పరిశీలన జాబితాలో చేరినది. మెత్తని దిబ్బలు, అంచులెక్కి నడచినచో విరిగిపడును. క్రిందనే నిలిచి చూచితిమి. సాయంకాలపు టెండలో ఆ యెఱుపు చూచి పిల్లలు మాటలాడుట మానిరి. సముద్రపు రోడ్డు వెంబడి మెల్లగా వచ్చి ఆరున్నరకు ఇల్లు చేరితిమి.

పదునొకండింటిలో నాలుగే చూచితిమి గదా యని ఇంటిలో ఎవరును అనలేదు. శాలిహుండము ఎప్పుడని పిల్లలు అడిగిరి. డ్రైవరుకు సొమ్మిచ్చి పంపునప్పుడు మా తండ్రిగారు గుమ్మములోనికి వచ్చి, “రాత్రి బండి కట్టకు నాయనా, పడుకో” అని అతనితో చెప్పిరి.